గుట్ట మీది ఉప్పుసున్నం

అబ్బాస్‌కు నమ్మకం తక్కువ, భయం ఎక్కువ. ఈ రెండూ ఒక్క మనిషిలో ఎలా ఇముడుతాయని ఎవరికైనా అనుమానముంటే, పందొమ్మిది వందల అరవై ఏడు ఎండాకాలం మొదట్లో, ఒక గురువారం పొద్దున, నిజాంసాగర్ నీళ్ల మీద పుట్టిలో గొంతుక్కూచున్న అతన్ని చూసి ఉండాల్సింది. కాళ్ల మధ్య తడిపిన సున్నం డబ్బా, దాని మీద నారకుంచె, జేబులో పావుసేరు ఉప్పు పొట్లం, చంకలో ఆకుపచ్చ చాదర్. పుట్టి గిర్రున తిరిగినప్పుడల్లా అతని పెదాలు కదిలేవి. దేవుణ్ణే తలుచుకుంటున్నాడో, పుట్టి తిప్పేవాణ్ణి తిట్టుకుంటున్నాడో చెప్పడం కష్టం.

అబ్బాస్‌ది బోధన్. గోడలకు సున్నం వేయడం ఇంటి పని. తండ్రి జహూర్ మియా కూడా అదే పని చేశాడు, చేస్తూ చేస్తూనే ముసలివాడై, పక్షవాతం వచ్చి రెండేళ్లు మంచం పట్టి, నిరుడు కన్ను మూశాడు. తండ్రి చేసిన పనుల్లో అన్నిటికన్నా పేరున్న పని ఒకటుంది. నిజాంసాగర్ నీళ్ల నడుమ మిగిలిపోయిన ఒక గుట్ట మీద, పాడుబడ్డ దొర బంగ్లా వెనక, ఒక సమాధి. ఏడాదికొకసారి జహూర్ మియా ఒక్కడే గుట్ట ఎక్కి ఆ సమాధికి సున్నం వేసి, చాదర్ కప్పి, పాత సున్నం పెచ్చులు మూట గట్టుకొని వచ్చేవాడు. పిల్లలు నిలవని ఆడవాళ్లు బోధన్ నుంచీ, నవీపేట నుంచీ, ఇటు మోస్రా పల్లెల నుంచీ అతని ఇంటికి వచ్చి ఆ పెచ్చు చిన్నది తీసుకొని నాలుక మీద వేసుకొనేవారు. హిందువులూ వచ్చేవారు, ముస్లిములూ వచ్చేవారు. అందరూ గుట్టబాబా అనేవారు. బాబా మహిమకు సాక్ష్యం కూడా ఉంది. ఆ గుట్ట మీద దుప్పులు ఉన్నాయి. అవి సమాధి ముందు తలలు వంచి మొక్కుతాయని చేపలు పట్టేవాళ్లు నీళ్ల మీద నుంచి చూసి చెప్పేవారు.

మహిమ మాట అలా ఉంచితే, అబ్బాస్‌ను పుట్టి ఎక్కించింది అతని భార్య కుబ్రా. ఆమెకు ఎనిమిదో నెల నిండుతోంది. ఇంతకుముందు ఇద్దరు పుట్టారు. ఒకడు రెండు రోజులు బతికాడు. రెండోది అసలు ఏడవనే లేదు. ఆ రెండో కడుపప్పుడు కుబ్రాకు మట్టీ సున్నమూ తినాలని ఒకటే యావ ఉండేది. ఇంట్లో డబ్బాలో దాచిన బాబా పెచ్చులను ఎవరూ చూడకుండా, మొక్కూ గిక్కూ లేకుండా, మరమరాలు తిన్నట్టు తినేసింది. అందుకే బిడ్డ పోయిందని ఆమె లోపల గట్టిగా నాటుకుపోయింది. ఇప్పుడు డబ్బా ఖాళీ. ఈసారి మొక్కుకొని, అడిగి, ఒకే ఒక్క పెచ్చు తెప్పించుకొని వేసుకుంటే తప్ప ఈ బిడ్డ దక్కదని పట్టుబట్టింది.

"మర్చిపోకుండ్రి" అని గడప దాకా వచ్చి మళ్లీ చెప్పింది. "ముందుగాల పెచ్చు తియ్యాలె. గటెన్కనే కొత్త సున్నం. మీరు ఆగమాగం మనిషి."

ఆగమాగం మనిషి బస్సెక్కి, బాన్సువాడలో దిగి, ఇంకో బస్సెక్కి, చెరుకు బండ్ల వెనక దుమ్ము తిని, చివరికి సిద్దిరాములు పుట్టిలో చేరాడు. సిద్దిరాములుకు అరవై దాటాయి. జహూర్ మియాను ముప్పై ఏళ్లకు పైగా ఇదే నీళ్ల మీద దాటించినవాడు. మాట పొదుపు మనిషి.

"సిద్దన్నా, పైన ఏమన్న ఉంటయా?" అని అడిగాడు అబ్బాస్.

"ఒడ్డుకు మొసళ్లుంటయి. పైన దుప్పులుంటయి."

"ఇంకా?"

సిద్దిరాములు తెడ్డు వేస్తూ అతని ముఖం వైపు చూశాడు. "నేనెప్పుడు ఎక్కలే. మీ బాపు ఒక్కడే ఎక్కేటోడు. జల్ది రా. గాలి లేస్తే పుట్టి నిలువదు."

గుట్ట పైకి మెట్లున్నాయి. దొరల కాలంలో చెక్కిన రాతి మెట్లు. డ్యాము కట్టేటప్పుడు రాళ్ల పని చూడటానికి వచ్చిన ఇంగ్లీషు దొర గుట్ట మీద బంగ్లా వేయించుకున్నాడట. పని పూర్తయి నీళ్లు నిలిచాక దొర వెళ్లిపోయాడు, గుట్ట చుట్టూ నీళ్లు చేరాయి. దొర పెంచుకున్న నాలుగు దుప్పులు ఎటు పోవాలో తెలియక అక్కడే ఉండిపోయి మంద అయ్యాయి. మెట్ల మీద వాటి పెంటికలు, గిట్టల అరుగుదల. మనుషులు తొక్కిన దారి కాదని అబ్బాస్‌కు నాలుగు మెట్లకే అర్థమైంది.

బంగ్లాకు పైకప్పు లేదు. గోడలున్నాయి, తలుపులున్న చోట తలుపంత ఖాళీ ఉంది. అబ్బాస్ అలవాటు కొద్దీ గోడ మీద చేయి వేసి చూశాడు. మంచి గచ్చు. నేల నుంచి నడుము ఎత్తు వరకు మాత్రం గోడ నున్నగా, గిన్నె లోపలి భాగంలా మెరుస్తోంది. తరతరాల దుప్పులు ఒళ్లు రుద్దుకున్న నునుపు. ఒక గదిలో పది పన్నెండు దుప్పులు పడుకొని ఉన్నాయి. అతన్ని చూసి లేవలేదు, బెదరలేదు. నెమరు వేయడం ఆపి, చెవులు మాత్రం అతని వైపు తిప్పాయి. అడవి జంతువు మనిషిని చూసి పారిపోతే మనిషికి ధైర్యం. పారిపోకపోతే ఏం చేయాలో ఎవరూ నేర్పరు. అబ్బాస్ గోడ పట్టుకొని, పిల్లిలా అడుగులు వేసి వెనక్కి వెళ్లాడు.

బంగ్లా వెనక, వేపచెట్టు కింద, సమాధి.

అది ఇంత చిన్నదని తండ్రి ఎప్పుడూ చెప్పలేదు. నాలుగైదు జానల పొడవు, అంతే. దాని మీద ఒక దుప్పి పిల్ల ముడుచుకొని నిద్రపోతోంది. అబ్బాస్ ఉష్ అన్నాడు. పిల్ల కళ్లు తెరిచి, లేచి, ఒళ్లు విరుచుకొని, తొందరేమీ లేకుండా దిగి వెళ్లిపోయింది. అది పడుకున్న చోట సున్నం గుంటపడి ఉంది. ముప్పై అయిదేళ్ల పూతలు మూడు వేళ్ల మందాన పేరుకున్న సున్నంలో ఒక గుంట. పైన తలంత గుండ్రం, దాని కింద భుజం వంపు, కాళ్లు ముడుచుకున్నంత మేర. పక్కకు తిరిగి పడుకున్న పసివాడి ఒళ్లు ఎలా ఉంటుందో, అచ్చం అలా.

అబ్బాస్ ఒక అడుగు వెనక్కి వేశాడు. అయినా పనివాడు కనుక వంగి చూశాడు. గుంట అంచున గీతలు గీతలుగా నాకిన గుర్తులు. వేలితో తాకి నాలుకకు అద్దుకున్నాడు. ఉప్పన.

అప్పుడు అతనికి మొత్తం తెలిసిపోయింది. సున్నం గోడకు పట్టుకోవాలంటే ఉప్పు కలుపుతారు. వాళ్ల తాత కలిపాడు, తండ్రి కలిపాడు, తనూ కలుపుతాడు. ఈ నీళ్ల నడుమ గుట్ట మీద దుప్పులకు ఉప్పు దొరికే చోటు ఇదొక్కటే. అవి తలలు వంచేది మొక్కడానికి కాదు, నాకడానికి. ముప్పై అయిదేళ్లుగా జహూర్ మియా తన చేత్తో తనే మహిమ కలిపి పూసిపోయాడు. మూడేళ్లుగా కొత్త పూత లేక అవి అడుగు దాకా నాకేశాయి. గుంట అడుగున నల్లరాయి బయటపడింది. రాయి మీద అక్షరాలు.

ఇంగ్లీషు అక్షరాలు అతనికి రావు. కానీ శక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీ క్వార్టర్ల తలుపుల మీద నంబర్లు వేసిన చేయి అది. అంకెలు వచ్చు. పంతొమ్మిది ఇరవై ఆరు. ఒక గీత. పంతొమ్మిది ఇరవై తొమ్మిది. పైన ఒక శిలువ గుర్తు.

బాబా కాదు. మూడేళ్ల పిల్లవాడు. దొర కొడుకు.

అబ్బాస్ చతికిలబడ్డాడు. అతనికి మొదట కోపమొచ్చింది, తర్వాత సిగ్గేసింది, ఆ తర్వాత కుబ్రా గుర్తొచ్చింది. రేపో మాపో ఇంకెవరైనా గుట్ట ఎక్కి ఈ రాయి చూస్తే? నవ్వుతారా, కొడతారా? చనిపోయిన తండ్రిని ఏమంటారు? ఆలోచించే ఓపిక లేదు. డబ్బా మూత తీసి, కుంచె ముంచి, ఆ అక్షరాల మీద గబగబా సున్నం కొట్టాడు. ఉప్పు కలపలేదు. ఇక ఈ నాటకం చాలు అనుకున్నాడు. రెండు పూతలు, మూడు పూతలు. రాయి మాయమైంది.

తలెత్తేసరికి దుప్పులు వచ్చి ఉన్నాయి.

ఎప్పుడు వచ్చాయో చప్పుడు లేదు. ముప్పై, నలభై. చుట్టూ నిలబడ్డాయి. ముందున్నది ఒకటి మెడ చాచి కొత్త సున్నం వాసన చూసి, మెడ వెనక్కి తీసుకుంది. ఇంకొకటి చూసింది. అదీ అంతే. తర్వాత అన్నీ కలిసి అబ్బాస్ వైపు చూశాయి. ఆ చూపులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

మొదట మోచేతికి తగిలింది నాలుక. గరుగ్గా, వేడిగా. చెమటలో ఉప్పుంటుంది కదా. తర్వాత మెడ వెనక ఒకటి. పాదం మీద ఒకటి. అబ్బాస్ అరిచాననుకున్నాడు గానీ అరవలేదు. నలుదిక్కులా వాటి ఊపిరి, నాలుకల తడి చప్పుడు, అంతకుమించి ఏ శబ్దమూ లేదు. పట్టపగలు, నెత్తిన ఎండ, అయినా అతని పళ్లు టకటక కొట్టుకున్నాయి. జేబులోని పొట్లం దగ్గర ఒక మూతి గట్టిగా పొడిచింది. అప్పుడు గుర్తొచ్చి, పొట్లం చింపి ఉప్పంతా సమాధి మీద గుమ్మరించాడు.

మంద అటు జరిగింది. కానీ మీద పడలేదు. సమాధి చుట్టూ వరుసగా నిలబడి, తల వైపున ఒక మనిషి, కాదు, మనిషిలో సగం, నిలబడేంత చోటు వదిలి ఆగాయి. ఆ ఖాళీలోకి ఒక్క దుప్పీ గిట్ట పెట్టలేదు. దేనికోసమో కాసేపు ఆగి, ఎవరో సరే అన్నట్టు, అన్నీ ఒక్కసారే తలలు వంచాయి.

అబ్బాస్ మెట్లు ఎలా దిగాడో అతనికే తెలియదు. చాదర్ పైనే పడిపోయింది. డబ్బా, కుంచె అక్కడే. పుట్టి సగం నీళ్లు దాటాక ఖాళీ చేతులు చూసుకున్నాడు.

"సిద్దన్నా, పెచ్చు తేలే!"

సిద్దిరాములు తెడ్డు ఆపాడు. ఇద్దరూ వెనక్కి చూశారు. మెట్ల చివర, నీళ్ల అంచున, దుప్పులు బారుగా నిలబడి ఉన్నాయి.

"మల్ల పోతవా?" అన్నాడు సిద్దిరాములు.

అబ్బాస్ తల అడ్డంగా ఊపి, అంకెల సంగతి, శిలువ సంగతి చెప్పేశాడు. ముసలివాడు ఆశ్చర్యపోలేదు.

"మా అవ్వ పెంటవ్వ గా దొరసాని కాడ పనిజేసింది. పోరడు జరమొచ్చి పోయిండు. దుప్పి పిల్లలకు చేతుల ఉప్పు పెట్టి నాకిపిచ్చుకునేటోడట. దొరసాని ఎల్లిపోయేనాడు, బంగ్లాకు సున్నమేసిన మీ బాపు చేతులు పట్టుకొని ఏడ్సింది. ఏడాదికొక్కపారి తెల్లగ చెయ్యి, నా కొడుకు చీకట్ల భయపడ్తడు అన్నది. గంతే."

"మరి బాబా?"

"అది జనాలు పెట్టుకున్న పేరు. మీ బాపు ఏనాడు అనలే. పైన గంట సేపు కూసుండి కతలు చెప్పేటోడు. కింద నాకు ఇనవడేది. చెప్పుడు, నవ్వుడు. మల్ల చెప్పుడు."

"అన్నీ తెల్సి గింతకాలం ఎందుకు చెప్పలే?"

"ఎవ్వరడిగిండ్రు? ఆడోళ్లు మొక్కుతుండ్రు, పిల్లలు పుడుతుండ్రు. నడుమ నేనెవ్వణ్ణి?" అని తెడ్డు వేశాడు.

తిరుగు దారిలో వర్ని దగ్గర బస్సు ఇంజనులో నీళ్లు పోసేందుకు ఆగింది. అక్కడొక చాయ్ హోటల్. దాని వెనక గోడ మీద పాత సున్నం ఏళ్ల తరబడి వానలకు నాని, పొరలు పొరలుగా లేచి ఉంది. జీవితమంతా సున్నంలో బతికిన మనిషికి పెచ్చు పుట్టించడం ఎంతసేపు? గోరంత పెచ్చు గీకి, రుమాలు కొసకు ముడి వేశాడు. కుబ్రా కళ్లలోకి చూసి లేదని చెప్పే ధైర్యం మాత్రం అతనికి ఎక్కడా దొరకలేదు.

కుబ్రా కాళ్లూ చేతులూ కడుక్కొని, తల మీద కొంగు కప్పుకొని, కళ్లు మూసుకొని పెచ్చు నాలుక మీద వేసుకుంది. అబ్బాస్ గోడ వైపు చూస్తున్నాడు. కాసేపటికి ఆమె కళ్లు తెరిచింది. పెచ్చును అరచేతిలోకి ఉమ్మింది.

"ఇందుల ఉప్పు లేదు" అంది.

డబ్బాడు పెచ్చులు తిన్న నాలుక అది. దాన్ని మోసం చేయవచ్చని అనుకోవడం అబ్బాస్ తెలివి తక్కువ. అతను ఒక్కమాటా దాచకుండా చెప్పాడు. ఉప్పు, నాకిన గుంట, అంకెలు, దొరసాని ఏడుపు, తండ్రి చెప్పిన కథలు. ఏడుస్తుందనుకున్నాడు. తండ్రిని శపిస్తుందనుకున్నాడు. ఆమె పొట్ట మీద చేయి వేసుకుంది.

"మూడేండ్లా?"

"మూడే."

"అయితే ఇన్నేండ్ల సంది మనమంత ఒక పసిపిల్లగాన్ని పట్టుకొని పిల్లలియ్యి పిల్లలియ్యి అని సతాయిస్తున్నమన్నట్టు" అంది. "ఆని తల్లి ఆనికోసం ఏడ్సింది. మనకోసమే ఏడ్సుకుంట మనం పోయినం. ఇగ నేనేం అడుగ. పెచ్చొద్దు, తాయెత్తొద్దు. ఉంటే ఉంటది, లేకుంటే లేదు."

ఆ మాట విని అబ్బాస్‌కు గుట్ట మీది కన్నా ఎక్కువ భయమేసింది. అడిగినంతకాలం ఆశ ఉంటుంది. అడగనన్న మనిషి దేన్ని పట్టుకొని నిలబడుతుంది? తర్వాతి ఇరవై రోజులూ అతను నిద్రపోలేదు. కుబ్రా మాత్రం హాయిగా నిద్రపోయింది.

నొప్పులు ఒక శుక్రవారం పొద్దున మొదలయ్యాయి. మంత్రసాని చంద్రవ్వ తలుపు వేసుకుంది. మధ్యాహ్నం నమాజు వేళకు లోపల చప్పుడు ఆగిపోయింది. ఈ ఆగడం అబ్బాస్‌కు తెలుసు. రెండోసారి ఇలాగే ఆగింది. అరుగు మీద కూచొని గోడకు తల ఆనించి, ఎవరిని అడగాలో తెలియక, ఎవరినీ అడగలేక, చేతుల్లో ముఖం దాచుకున్నాడు. ఎంతసేపో. అప్పుడు లోపల ఒక సన్నటి, కీచుమన్న, కోపమొచ్చిన ఏడుపు. చంద్రవ్వ తలుపు తీసి, "ఆడపిల్ల. మస్తు గొంతుంది" అంది. అబ్బాస్ నవ్వబోయి బావురుమన్నాడు.

పిల్లకు రబియా అని పేరు పెట్టారు. బతికింది. నలభై రోజులు దాటాయి, అన్నం ముట్టించారు, పాకడం వచ్చింది. మళ్లీ ఎండాకాలం వచ్చేసరికి అబ్బాస్ కొత్త డబ్బా, కొత్త కుంచె కొన్నాడు. బయలుదేరే రోజు చూస్తే కుబ్రా పిల్లను చంకనేసుకొని బురఖాతో తయారుగా ఉంది.

"ఆడోళ్లు గుట్ట ఎక్కద్దంటరు" అన్నాడు అబ్బాస్.

"ఎవరంటరు? పెంటవ్వ ఎక్కలేదా? ఆని తల్లి ఎక్కలేదా?" అని ముందు నడిచింది.

సిద్దిరాములు పుట్టిలో పిల్లకు ఎండ తగలకుండా తన తువ్వాల ఇచ్చాడు. గుట్ట మీద దుప్పులు గదుల్లోనే పడుకొని ఉన్నాయి. కుబ్రా వాటి నడుమ నుంచి, సంతలో జనం నడుమ నుంచి నడిచినట్టు నడిచింది. అబ్బాస్ ఆమె బురఖా అంచు పట్టుకొని వెళ్లాడు. ఈ సంగతి అతను ఎవరికీ చెప్పలేదు.

సమాధి పక్కన ఆమె దుప్పటి పరిచి కూచుంది. మొక్కలేదు. చేతులు చాచలేదు. రబియాను ఒళ్లో నిలబెట్టి, సమాధి వైపు తిప్పి, "సూడు, మీ అన్న. నీకు ముందుపుట్టినోళ్లల్ల ఈడు గూడ ఒకడు. సలాం చెయ్యి" అంది. తర్వాత ఇంటి సంగతులు చెప్పడం మొదలుపెట్టింది. ఫ్యాక్టరీ కూత గురించి, చెరుకు బండి బోల్తా పడిన సంగతి, రబియాకు వచ్చిన రెండు పళ్ల గురించి. అబ్బాస్ సున్నంలో ఉప్పు కలుపుతూ వింటున్నాడు. దుప్పులు ఒక్కొక్కటే వచ్చి నిలబడ్డాయి.

రబియా ఉన్నట్టుండి కిలకిల నవ్వింది. సమాధిని చూసి కాదు, దుప్పుల్ని చూసి కాదు. తల వైపున ఉన్న ఖాళీ చోటును చూసి. ఆ చూపు అక్కడే ఆగలేదు. మెల్లగా కదిలింది, సమాధి పక్క నుంచి ఇటు, దుప్పటి వైపు. అబ్బాస్ చేతిలో కుంచె ఆగిపోయింది. పిల్ల చూపు కదిలినంత నిదానంగా, నలభై దుప్పుల తలలూ అటు నుంచి ఇటు తిరిగాయి. తిరిగి, కుబ్రా మోకాలి దగ్గర ఆగాయి.

కుబ్రా వాటిని చూసింది. పిల్ల చూపు చూసింది. అబ్బాస్ ఆమె లేచి పరిగెత్తుతుందనుకున్నాడు. ఆమె ముఖంలో ఒక్క క్షణం రక్తం లేదు. తర్వాత కాళ్లు దగ్గరికి ముడుచుకొని, దుప్పటి మీద పక్కన కొంచెం చోటు చేసింది.

"దా బిడ్డా, కూసో" అంది ఆ ఖాళీతో. "చీకటి కానియ్యం. మీ బాపు ఇప్పుడే తెల్లగ చేస్తడు."

అబ్బాస్ వంగి సున్నం వేయడం మొదలుపెట్టాడు.